పంపు ఆపాక

అక్క కాలేయంలోని క్యాన్సర్ గడ్డ నుంచి డాక్టర్ సూదితో తీసిన ముక్క ఆవగింజంత. వాడదగ్గ మందులు రెండున్నాయి. ఏది పనిచేస్తుందో ముందే తెలుసుకుందామని, ఆ ముక్కలోని కణాలను చెల్లెలి ల్యాబుకే పంపారు. రోగికి ఎక్కించబోయే మందును అతని కణాల మీద పారించి చూడటమే ఆమె ఉద్యోగం.

ఆ పరికరం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. గాజు పలక మీద అతికించిన మెత్తటి బిళ్ళ, అందులో వెంట్రుకంత సన్నటి కాలువలు, పక్కన సిరంజిని మెల్లగా నొక్కే పంపు, రెంటినీ కలిపే గొట్టం. అక్క దాన్ని చూసి, "ఇంత చదువూ చదివి బొమ్మరిల్లు కట్టుకున్నావా?" అని ఏడిపించేది.

కణాలు కాలువలో చక్కగా అంటుకున్నాయి. ఇక మందు పారించాలి. చెల్లెలు సిరంజి మార్చి, గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, బిగించి, పంపు నడిపింది. మైక్రోస్కోపులో కన్ను పెట్టేసరికి కాలువ మొదట్లో నల్లటి అంచుతో ఒక గాలిబుడగ కనిపించింది.

వెంటనే పంపు ఆపింది. బుడగ ఆగలేదు. ఒత్తిడికి ఉబ్బిన గొట్టం తిరిగి ముడుచుకునేదాకా ద్రవం కదులుతూనే ఉంటుందని ఆమెకు తెలుసు. గొట్టాన్ని నొక్కితే బుడగ ఇంకా ముందుకు పోతుంది. సిరంజిని వెనక్కి లాగితే కణాలే ఊడి వస్తాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. బుడగ తాపీగా వచ్చి, కాలువ నిండా ఒరుసుకుంటూ, కణాలను ఊడ్చుకుపోయింది.

ల్యాబు పెద్దాయన వచ్చి చూసి, ఇది అందరికీ జరిగేదేనన్నాడు. డాక్టరేమో మళ్ళీ సూది గుచ్చితే రక్తం ఆగదని, ఎక్కువమందికి ఇచ్చే మందే మొదలుపెడతానని చెప్పాడు.

సాయంత్రం ఆస్పత్రిలో అక్క అడిగింది. "ఏ మందటే?"

"తెలీలేదక్కా. గాలి దూరి నీ కణాలన్నీ కొట్టుకుపోయాయి. చూస్తూనే ఉన్నాను, ఏం చెయ్యలేకపోయాను."

అక్క, "పోనీలే, నీ దగ్గరైనా అవి చచ్చాయి కదా," అంది. నవ్వబోయి దగ్గింది.

మొదటి మందు గడ్డను కదిలించలేదు. రెండోది మొదలుపెట్టేనాటికి అక్క మంచం దిగలేకపోతోంది. అదైనా పనిచేస్తుందా అన్నది డాక్టర్ చెప్పలేదు. చెల్లెలు అడగలేదు. రోజూ వెళ్ళి, అక్క పాదాలు ఒత్తుతూ కూర్చుంటోంది.