ముద్ర ఆరేదాకా

వ్యాను సీట్ల కింద నుంచి గుప్పెడు ఇసుక ఊడ్చి, చుట్టం రోడ్డు మీదికి విదిలించాడు. ప్రతి మంగళవారం ఊడుస్తాడు. ప్రతి మంగళవారం అంతే ఇసుక. సముద్రం పక్కన ఉన్న ఊరు. మనుషులు ఎంత దులుపుకొని ఎక్కినా వేళ్ళ సందుల్లో కొంత దాచుకొనే వస్తారు.

ఎండ ఇంకా మొదలవలేదు. వీధి చివర హోటళ్ళ వరస. వాటి వెనక రేకుల షెడ్లలో దుప్పట్లు ఉతికే యంత్రాలు అప్పుడే గిరగిరా తిరుగుతున్నాయి. అతను ముందు అద్దం తుడిచాడు, పదకొండు నీళ్ళ సీసాలు సర్దాడు, వెనక చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టి. మెడ వెనక తోలు ఎండకు కాలీ కాలీ పాత సూట్‌కేసులా గీతలు పడింది. కుడిచెయ్యి ఎడమచేతి కన్నా రెండాకులు ఎక్కువ నలుపు. అది కిటికీ మీద పెట్టుకొనే చెయ్యి.

చుట్టం అని అతన్ని మొదట పిలిచింది భార్యే. పాస్‌పోర్టులో పడే ప్రతి ముద్రలోనూ ‘సందర్శకుడు’ అని ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో తిని, ఈ ఊళ్ళో పడుకొని, ఈ రోడ్ల గోతులన్నీ పేరుపేరునా తెలిసినవాడు కాగితం మీద మాత్రం చుట్టపుచూపుగా వచ్చినవాడే. “ఎనిమిదేళ్ళయినా కదలని చుట్టాన్ని నేనెక్కడా చూడలేదు తల్లీ” అని ఆవిడ పక్కింటివాళ్ళతో అంది. పేరు జిగురులా అంటుకుపోయింది.

అలాంటి చుట్టాలు ఊరినిండా ఉన్నారు. చలిదేశాల నుంచి ఎండ కోసం వచ్చి ఉండిపోయిన ముసలివాళ్ళు, ఈత నేర్పేవాళ్ళు, హోటళ్ళలో పాటలు పాడేవాళ్ళు, ఎందుకొచ్చారో తామే మరిచిపోయినవాళ్ళు. తొంభై రోజులకోసారి వీళ్ళంతా దేశం దాటి బయటికి పోయి మళ్ళీ లోపలికి రావాలి. రెండు గంటల దూరంలో ఏరుంది. ఏటి మీద వంతెన. ఇటో దేశం, అటో దేశం. నడిచి దాటి, అవతల ఒక కాఫీ తాగి, నడిచి తిరిగొస్తే ఇంకో తొంభై రోజులు. వాళ్ళను వంతెన దాకా చేర్చే బండి చుట్టానిది. మామూలు మంగళవారాల్లో వాళ్ళు వెళ్ళొచ్చేదాకా ఈవలి ఒడ్డునే సీటు వాల్చుకొని కునుకు తీస్తాడు.

ఈ మంగళవారం కునుకు లేదు. ఈరోజు అతని తొంభయ్యో రోజు.

అతను వ్యాను మెట్టు మీద కూర్చొని పాస్‌పోర్టు తెరిచాడు. ముప్ఫై ఒక్క ప్రయాణాలు, ప్రయాణానికి నాలుగు ముద్రలు. ఇక్కడ బయటికి, అక్కడ లోపలికి, అక్కడ బయటికి, ఇక్కడ లోపలికి. పేజీలన్నీ నిండిపోయి, చిట్టచివరి పేజీలో కింది సగం మాత్రం ఖాళీగా ఉంది. సరిగ్గా నాలుగు ముద్రలకు చోటు. ఆ నాలుగూ పడ్డాయా, రేపే పుస్తకాన్ని రాజధానిలో ఉన్న తన దేశపు కార్యాలయానికి పంపిస్తాడు. కొత్తది రావడానికి రెండు నెలలు. ఈలోగా నాలుగో ముద్ర అతన్ని కాపాడుతుంది. అందులో ఒక్కటి అడ్డదిడ్డంగా పడినా నాలుగోదానికి చోటుండదు. చోటు లేకపోతే వంతెన మీద నుంచి ఇంటికి దారి లేదు.

పెళ్ళి కాగితం ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. దానికి, అతనికి ఇదివరకు పెళ్ళి కాలేదని సొంతూరి నుంచి పత్రం రావాలి. ఆ ఊళ్ళో అతని మొహం గుర్తుపట్టి సంతకం పెట్టే మనిషి ఒక్కడూ మిగల్లేదు.

జేబులోంచి పెన్సిల్ తీశాడు. మందుల అట్టపెట్టె అంచు ఆనించి, ఖాళీలో నాలుగు గడులు గీశాడు. సన్నగా, ముద్దుగా.

భార్య టిఫిను డబ్బాతో బయటికొచ్చింది. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. మోచేతుల దాకా పాత వాతలు, నడుముకు గుడ్డ పట్టీ. అతని భుజం మీంచి తొంగి చూసింది.

“అదేంటయ్యా, తొక్కుడుబిళ్ళ గీశావు?”

“చోటు చూపిస్తున్నానే. వాళ్ళు కళ్ళు మూసుకొని మధ్యలో దబ్బుమనిపిస్తారు. గడి ఉంటే గడిలో వేస్తారు.”

“సర్కారు పుస్తకంలో నువ్వు గీస్తే ఊరుకుంటారా?”

“పెన్సిలేగా. గట్టిగా ఊదితే పోతుంది.”

“ఊదు మరి,” అంది ఆవిడ డబ్బా సీటు మీద పెడుతూ. “సాయంత్రం పెందలాడే రా. నా నడుం పట్టేసింది, పైకి నీళ్ళు నువ్వే మొయ్యాలి.”

“రాక ఎక్కడికి పోతాను? తరిమితే తప్ప కదిలే చుట్టాన్నా?”

పదకొండు మందినీ ఎక్కించుకొనేసరికి ఎండ చురుక్కుమంది. ముందు సీటు ఎప్పుడూ అంబులెన్సమ్మదే. ఆరడుగుల మనిషి. మంచు దేశంలో నలభై ఏళ్ళు అంబులెన్సు నడిపి, రిటైరయి, ఇక్కడికొచ్చింది. చుట్టం బ్రేకు వేసినప్పుడల్లా ఆవిడ కుడికాలు కూడా నేలను తొక్కుతుంది. ఆవిడ వెనక లెక్కల మాష్టారు. ఆయనదింకో దేశం, హోటల్ యజమానుల పిల్లలకు ట్యూషన్లు చెబుతాడు. చొక్కా జేబులో పెన్సిలూ రబ్బరూ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

వంతెన కనబడగానే చుట్టం అద్దంలో చూస్తూ ఎప్పటి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. “కిటికీ దగ్గర నవ్వండి, కానీ ఎక్కువ నవ్వకండి. అడిగినదానికే జవాబు చెప్పండి...”

“ముద్ర ఆరేదాకా పుస్తకం ముయ్యకండి, వేలు పెట్టకండి!” అని వెనకనుంచి అందరూ బడిపిల్లల్లా రాగం తీశారు.

“నవ్వండి, నవ్వండి. ఆ తడి వల్ల నాలుగు గంటలు నిలబడ్డవాళ్ళను చూశాను నేను.”

“ఇవాళ నువ్వు కూడా మాతోపాటు నడుస్తావన్నమాట,” అంది అంబులెన్సమ్మ.

“నడవాలి అక్కా. పెళ్ళిళ్ళ పేరయ్యకు కూడా పెళ్ళి రాకపోదు.”

బయటికి పోయే కిటికీలో ఎప్పటి పెద్దాయనే ఉన్నాడు. చుట్టాన్ని ఎనిమిదేళ్ళుగా ఎరిగినవాడు. పుస్తకం తెరిచి, కళ్ళజోడు పైకెత్తి, ముసిముసిగా నవ్వాడు.

“ఏమయ్యా, ఇందులో ఇల్లు కట్టుకుంటున్నావా? గదులు విడగొట్టావు!”

“పెద్దింటికి చోటు లేదు సార్. అన్నీ చిన్నగదులే.”

పెద్దాయన మొదటి గడిలో కొలిచినట్టు ముద్ర దించాడు. తర్వాత ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “ఈ గీతలు చెరిపెయ్. తిరుగు కిటికీలో కొత్తమ్మాయి వచ్చింది. మంచిదే, కానీ వేళాకోళం తెలీదు. నేనా, మధ్యాహ్నంతో డ్యూటీ దిగిపోతాను.”

వంతెన మీద నీడ లేదు. ఇనప రేకుల వేడి కాళ్ళ కింద నుంచి మోకాళ్ళ దాకా ఎక్కుతోంది. వరస నత్తలా జరుగుతోంది. చుట్టం మాష్టారి దగ్గర రబ్బరు అడిగి తీసుకున్నాడు.

“ఒకే వైపుకి రుద్దవోయ్. అటూ ఇటూ రుద్దితే కాగితం లేస్తుంది,” అన్నాడు మాష్టారు.

రెండో గడి పోయింది. మూడోది, నాలుగోది పోయాయి. కాగితం తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు నిలిచింది. ఇక మొదటి గడి. దాని కింది గీత ముద్ర అంచును ఆనుకొని ఉంది. కనుబొమ్మ మీంచి చెమట జారి కంట్లో పడింది. అతను కన్ను మూసుకొని, బొటనవేలితో పేజీ అదిమి, రబ్బరు లాగాడు.

రబ్బరుతోపాటు నీలిరంగు కూడా వచ్చింది.

తేదీ ఉన్నచోట వేలెడు మరక. అంకెలు నీళ్ళలో పడ్డ చీమల్లా చెదిరిపోయాయి. ముద్ర ఆరలేదు. వారానికోసారి ఊరందరికీ చెప్పే మాట, తన దాకా వచ్చేసరికి నోట్లోనే ఉండిపోయింది.

“ఏమైంది తమ్ముడూ?” అంది వెనకనుంచి అంబులెన్సమ్మ.

“ఏం లేదక్కా.”

అతను వెనక్కి చూశాడు. పెద్దాయన కిటికీ ఇంకా కనబడుతోంది, నిండా రెండొందల అడుగుల దూరం కూడా ఉండదు. ఒక్క అడుగు వేశాడు. తుపాకీ భుజాన వేసుకున్న కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ వైపు నుంచి ముందుకే. ఇప్పుడు అతను ఏ దేశంలోనూ లేడు.

అవతలివాళ్ళు పుస్తకం వైపు కూడా చూడకుండా రెండు ముద్రలూ కొట్టేశారు. గడులు లేకపోయినా వాటి చోట్లలోనే పడ్డాయి. అది చూసి అతనికి కాస్త ప్రాణం లేచొచ్చింది. చోటుంది. ఇంకొక్కదానికి నిక్షేపంగా చోటుంది. కాఫీ ఎదుట పెట్టుకొని తాగకుండా చూస్తూ కూర్చున్నాడు. అది చల్లారిపోయి పైన మీగడ కట్టింది.

తిరుగు కిటికీలో అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. జుట్టు బిగించి కట్టింది. పది మందిని చకచకా పంపేసింది. పదకొండోది అంబులెన్సమ్మ, ఆవిడా అయిపోయింది. చుట్టం పుస్తకం అందుకొని చివరి పేజీ తిప్పింది. తిప్పి ఆగింది. సొరుగులోంచి భూతద్దం తీసింది.

“కూర్చోండి,” అంది.

కిటికీ దగ్గర కూర్చోమనడం ఎనిమిదేళ్ళలో అతను ఎన్నడూ వినలేదు. కసురుకున్నా బాగుండేదనిపించింది.

“తేదీ ఎందుకు మార్చారు?”

“మార్చలేదమ్మా. గీతలు చెరుపుతుంటే అంటుకుంది.”

“గీతలెందుకు గీశారు?”

“చోటు తక్కువగా ఉందని. మీరు వెతుక్కోకుండా.” నవ్వబోయి, ఎక్కువ నవ్వకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు. “మీ కంప్యూటర్లో ఉంటుంది గదమ్మా, పొద్దునే వెళ్ళానని.”

“ఉంది. మీరు అబద్ధం చెప్పడం లేదని నాకూ తెలుసు. కానీ చెరిపిన పుస్తకం మీద లోపలికి ముద్ర వెయ్యకూడదు. అది రూలు.” ఆమె తెర వైపు చూస్తూ చాలాసేపు కిందికి జరుపుతూ పోయింది. “ముప్ఫై రెండుసార్లు. ఇక్కడ మీకెవరున్నారు?”

“భార్య.”

“పెళ్ళి కాగితం?”

చుట్టం తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ కింద ఇంకా నీలిరంగు ఉంది.

పక్కన పెద్దాయన కిటికీకి తెర దించి ఉంది.

ఆమె లేచి, బీరువాలోంచి వేరే ముద్ర తెచ్చింది. ఎర్రటిది, మిగతావాటికి రెండింతలు. మిగిలిన ఆ ఒక్క చోటులో అది పట్టలేదు. పక్క ముద్రల మీదికి కూడా ఎక్కి కూర్చుంది. ఆమె దాని మీద కాగితంతో విసిరింది. పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు పుస్తకం మూసింది.

“ఐదేళ్ళు రాకూడదు. రేపు పొద్దున విమానంలో మీ దేశానికి పంపిస్తారు. అందాకా లోపలి గదిలో ఉండాలి. బండి తాళాలు ఎవరికైనా ఇస్తారా?”

కటకటాల ఇవతల అంబులెన్సమ్మ నిలబడింది. అతను ఊచల సందులోంచి తాళాలు అందించాడు.

“ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందక్కా.”

“నోరు ముయ్యి తమ్ముడూ,” అంది ఆవిడ. కళ్ళు తుడుచుకోలేదు. ఇలాంటివి నలభై ఏళ్ళు చూసిన మనిషి. “ఎవరితో మాట్లాడాలో చెప్పు. నేను మాట్లాడతాను.”

“ఎవరూ లేరు. రెండో గేరుని కాస్త బతిమాలాలి. గోతుల దగ్గర మెల్లగా పోనివ్వండి, మాష్టారికి నడుం నొప్పి.”

“మీ ఆవిడకి ఏం చెప్పను?”

చుట్టం ఆలోచించాడు. తరిమితే తప్ప పోనన్నాను, తరిమారని చెప్పమందామా? తిరిగొస్తానని చెప్పమందామా? ఐదూ యాభై ఆరూ కలిపితే ఎంతవుతుందో మాష్టారిని అడగక్కర్లేదు.

“ఇవాళ ఒక్కదానికే వండుకోమనండి,” అన్నాడు.

కాపలావాడు మర్యాదగానే భుజం తట్టాడు. సన్నటి నడవా. చివర బూడిదరంగు తలుపు. చుట్టం వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. తలుపు స్ప్రింగు మీద నెమ్మదిగా, చప్పుడు లేకుండా మూసుకుంది.

అందరూ వ్యానెక్కారు. మాష్టారు రబ్బరును రెండు ముక్కలుగా విరిచి కిటికీలోంచి ఏట్లోకి విసిరేశాడు. అంబులెన్సమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు వెనక్కి జరిపింది. ఎనిమిదేళ్ళుగా జరగని సీటు కీచుమంది. బ్రేకు తొక్కబోతే కాలికి ఏదో అడ్డం తగిలింది. వంగి తీసి, ఒక్క క్షణం చేతిలో పట్టుకొని, పక్క సీటు మీద పెట్టింది. దారి పొడుగునా ఒక్క గోతిలో కూడా బండి దిగలేదు.

పొద్దు వాలుతుండగా వ్యాను వీధి మలుపు తిరిగింది. నడుం మీద చెయ్యి ఆనించుకొని భార్య మెట్ల దగ్గర నిలబడి ఉంది. బండి ఆగింది. ఆరడుగుల మనిషి దిగింది. భార్య ఆవిడ వెనక చూసింది. ఇంకా వెనక చూసింది. ఒక్కొక్కరే దిగి, తలలు వంచుకొని, పక్కనుంచి వెళ్ళిపోతున్నారు.

అంబులెన్సమ్మ చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పింది.

భార్య మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి వ్యాను దగ్గరికొచ్చి తలుపు తీసింది.

అధికార్ల ముందుకు వెళ్ళేటప్పుడు అతను బూట్లు వేసుకొనేవాడు. మామూలు రబ్బరు చెప్పులు బండిలోనే విడిచేవాడు. అవి ముందు సీటు మీద, మనిషి కూర్చునే చోట, పక్కపక్కన ఉన్నాయి. ఎడమదాని పట్టీ తెగితే ఇస్త్రీపెట్టె తీగతో కట్టి ఉంది. కుడిదాని మడమ బండి నడిపీ నడిపీ కాగితమంత పలచబడి, ముందువైపు ఐదు వేళ్ళ అచ్చులూ నల్లగా దిగి ఉన్నాయి.