మనిషి వెళ్ళినా ఆగని దుకాణం

"కాస్త నవ్వాలమ్మా," అన్నాడు కెమెరా అతను మళ్ళీ.

"పొద్దున్నుంచి గుక్కెడు కాఫీ లేదు. నవ్వెక్కణ్ణించి వస్తుంది నాయనా," అంది, కళ్ళద్దాలు పెట్టుకుంటుందని అందరూ కళ్ళజోడనే పిలిచే ఆమె. తక్కిన ముగ్గురూ కిసుక్కుమన్నారు. అతను ఆ నవ్వుని టక్కున పట్టేశాడు.

పెద్దక్క మాత్రం నవ్వలేదు. దీపాల వేడికి ఆమె మెడ వెనక చెమట కారుతోంది. ఒళ్ళో మడిచి పెట్టుకున్న చంటిపిల్లల బొంత తడిసిపోతుందేమోనని దాన్ని మోకాళ్ళ మీదికి జరుపుకుంది. కొత్త వెబ్‌సైటుకి ఫోటోలు కావాలని ఏజెన్సీవాళ్ళు తమ ఆఫీసుకి పిలవడంతో ఇవాళ ఐదుగురి పనీ ఆగిపోయింది. ప్రసూతి ఆస్పత్రికి సాయంత్రంలోగా ఇవ్వాల్సిన బొంతలు మిషన్ల మీద సగంసగం కుట్టి ఉన్నాయి.

ఐదుగురూ ఒకప్పుడు కంట్రాక్టరు కింద కుట్టినవాళ్ళే. అతను గుడ్డముక్కల మూటలు తెచ్చి పడేసేవాడు, కుట్టిన బొంతలు పట్టుకుపోయేవాడు. బొంతకి నలభై ఇచ్చేవాడు. బజారులో అదే బొంత నాలుగువందలని తరువాతెప్పుడో తెలిసింది. అవి ఏ దుకాణానికి పోతున్నాయో, ఎవరి పిల్లలు వాటిమీద పడుకుంటున్నారో అడగకూడదు. అడిగినామె ఇంటికి మరుసటి వారం మూట వచ్చేది కాదు. అలా అలా, సూది గుచ్చుకున్న వేలు మొద్దుబారినట్టు, అడగకపోవడం వాళ్ళకి అలవాటైపోయింది. నలభైని ముప్ఫై ఐదు చేసిన రోజున ఐదుగురూ బయటికొచ్చి, వీధి చివర గది అద్దెకి తీసుకుని, సొంతంగా మిషన్లు వేసుకున్నారు.

బొంతలు తయారవుతున్నాయి. కొనేవాళ్ళకి చేరే దారే లేదు. ఆస్పత్రి ఒక్కటీ ఇచ్చే పనితో గది అద్దె గడవదు. వెబ్‌సైటు పెట్టుకోమని చెప్పినవాళ్ళంతా రెండే దారులు చెప్పారు: ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సరుకి ఇవ్వడమో, ఏజెన్సీకి ఇవ్వడమో.

ఫ్రీలాన్సరంటే వాళ్ళ గది పైన అద్దెకుండే అమ్మాయే. చంటివాణ్ణి భుజాన వేసుకుని కంప్యూటరు ముందు కూర్చునేది. పదిహేను వేలు అడిగింది, అదీ రెండు విడతల్లో.

"సైటు మీ పేరు మీదే ఉంటుంది పెద్దమ్మా. దాని తాళం, అదే పాస్‌వర్డు, మీ చేతికే ఇచ్చేస్తాను. ధరలు మార్చడం కళ్ళజోడక్కకి నేర్పిస్తాను," అంది. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. దాపరికం తెలియని పిల్ల కాబట్టి ఇంకో మాట కూడా చెప్పింది. "మా ఆయనకి బదిలీ కావచ్చు. అయినా ఫోన్లో పలుకుతాను."

ఆ బదిలీ అన్న మాట దగ్గరే పెద్దక్క వెనక్కి తగ్గింది. తన భర్త పనికని ఊరు వదిలి వెళ్ళినప్పుడూ ఫోన్లో పలుకుతాననే అన్నాడు. పక్క మిషన్ మీద ఏళ్ళ తరబడి కుట్టిన మనిషి, పెద్దక్క వదినా అని పిలుచుకున్న మనిషి, కంట్రాక్టరు దగ్గర మానేసి సొంతంగా ఏదో పెట్టుకుని, ఒక తెల్లవారుజామున సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. ఆవిడా అదే మాటంది. ఆ ఫోన్లు కొన్నాళ్ళు మోగాయి. తరువాత మోగడం కూడా మానేశాయి.

"వెళ్ళిపోయే మనిషితో మనకెందుకే? నలుగురున్న ఆఫీసయితే ఎక్కడికీ పోదు," అంది పెద్దక్క ఆ రాత్రి.

"ఆ పిల్ల ముందే చెప్పింది కదా పెద్దక్కా. చెప్పకుండా పోయేవాళ్ళకంటే నయమే," అంది కళ్ళజోడు. కానీ మిగిలినవాళ్ళు పెద్దక్క మాటకే తలూపారు. పైగా ఏజెన్సీవాళ్ళు ముందుగా పైసా అడగలేదు. మేనేజరు స్వయంగా వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "మీరు కుట్టండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం," అన్నాడు.

"ఈ మాట ఎక్కడో విన్నట్టుంది," అని కళ్ళజోడు గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కెమెరా అతను దీపం సర్దుకుంటుంటే, మేనేజరు గోడకున్న పెద్ద తెర వెలిగించాడు. "ఖాళీగా కూర్చోవడమెందుకు, మేం చేసిన సైటొకటి చూడండి. మీ పనిలాంటిదే."

వరసగా బొంతలు. వాటి పైన, పన్ను మీద పన్నుతో, కళ్ళు చికిలించి నవ్వుతున్న ముఖం.

పెద్దక్క స్టూలు మీంచి లేచింది. "మా వదిన," అంది. ఆ గొంతులో సంతోషమే ఉంది. "ఎక్కడుంది బాబూ? నంబరుందా?"

"ఈవిడా? మానేసి ఏడాది దాటిందమ్మా."

"మరి ఈ బొంతలు?"

"వేరేవాళ్ళు కుడుతున్నారు. పేరూ ఫోటో మా దగ్గరే ఉన్నాయిగా, కొనేవాళ్ళకి తేడా తెలీదు." అతను గడియారం చూసి టైము చెప్పినంత మామూలుగా చెప్పాడు. "మనిషి వెళ్ళినా దుకాణం ఆగదు. మాతో ఉన్న సుఖమే అది."

బొంత మీద పెద్దక్క వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె గొంతులోంచి వచ్చిన ప్రశ్న ఆమెకే కొత్తగా వినిపించింది.

"మా సైటు ఎవరి పేరు మీద ఉంటుంది?"

"ఏజెన్సీ పేరు మీదే. అందరికీ అంతే."

"కొన్నవాళ్ళు మాతో మాట్లాడాలంటే?"

"మాతో మాట్లాడతారు. మీకెందుకమ్మా ఆ తలనొప్పి?"

"రేపు మేం వద్దనుకుంటే?"

"మిమ్మల్ని ఎవరు కట్టేశారు? మీరు నిక్షేపంగా వెళ్ళొచ్చు. సైటు ఉంటుంది."

"రెడీ," అన్నాడు కెమెరా అతను. "పెద్దావిడ మధ్యలో కూర్చోవాలి."

"నేను కూర్చోను. నా ముఖం ఇవ్వను," అంది పెద్దక్క.

కళ్ళజోడు లేచి ఆమె పక్కన నిలబడింది. తక్కిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ కదల్లేదు. మేనేజరు నొచ్చుకోలేదు, కోప్పడనూ లేదు.

"పర్లేదులే. ఇందాక తీసినవి ఉన్నాయిగా. నవ్వింది బాగా వచ్చింది కూడా."

పెద్దక్క గుమ్మం దాకా నడిచింది. బయటికి వెళ్ళలేదు. తలుపుకి అడ్డంగా, చల్లటి నేల మీద, బొంత ఒళ్ళో పెట్టుకుని చతికిలబడింది.

"అవి తీసెయ్యి బాబూ," అంది కెమెరా అతనితో. "తీసేసేదాకా నేనిక్కణ్ణించి లేవను."

అతని బొటనవేలు కెమెరాలో ఫోటోలు చెరిపే మీట మీద ఆగింది. అతను మేనేజరు వైపు చూశాడు.