జీపు మూతికి కట్టిన వల

ఎల్లారావుకి సముద్రం పడదు. జాలారిపేటలో పుట్టి, తాతముత్తాతల నాటి నుంచీ వేటకెళ్లే ఇంట్లో పెరిగి, పడవెక్కగానే కడుపులోది కక్కుకునే మనిషి అతనొక్కడే. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, చెప్పకపోయినా పేటంతటికీ తెలుసు. బావమరిది అర్జునరావైతే పడవలో అతని కోసమని ఎప్పుడూ ఓ నిమ్మకాయ ఉంచేవాడు. ఒడ్డు కనుమరుగవగానే అది తీసి, అందరి ముందూ, "వాసన సూడు బావా" అని చేతికిచ్చేవాడు. సముద్రం కంటే ఆ నిమ్మకాయే ఎల్లారావుని ఎక్కువ ఏడిపించేది.

అందుకే, డెబ్భై తొమ్మిదిలో కాబోలు, వేలంలో మిలట్రీవాళ్ల పాత జీపొకటి దొరికితే ఎగిరి గంతేశాడు. వారానికోసారి ఐసు వేసిన చేపల పెట్టెలు ఎక్కించుకుని అరకు సంతకి తోలాలి, భార్య గంగాలమ్మ అక్కడ అమ్మాలి. చేపల పనిలోనే ఉన్నట్టూ ఉంటుంది, కెరటం మొహం చూడనట్టూ ఉంటుంది. ఇంతకంటే మంచి ఉపాయం ఎవడికి తడుతుంది చెప్పండి!

ఉపాయం మంచిదే, జీపే మంచిది కాదు. సాపు రోడ్డు మీద గుర్రంలా పోయేది. ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డెక్కిందా, మూడో మలుపు దగ్గర బుస్సుమని ఆవిరి కక్కి కూర్చునేది. అది చల్లారేలోగా ఐసు కరిగి, కానాగంత చేపలు మెత్తబడి, సంతలో కొనేవాళ్లు మూతి తిప్పుకుని పోయేవారు. రెండుసార్లు ఇలా అయ్యాక గంగాలమ్మ ఇంకేమీ వినదలచుకోలేదు. మూడోసారి కూడా పొంగిందంటే జీపుని పాత ఇనుముకి తోలేసి, మర్నాడే తమ్ముడి పడవెక్కాలని తేల్చి చెప్పేసింది. అర్జునరావు అప్పుడే ఓ తెడ్డు తీసి పక్కన పెట్టాడట. నిమ్మకాయలు కూడా కొన్నాడట.

ఎల్లారావు గుండెల్లో రాయి పడింది. గోపాలపట్నం మెకానిక్ నరసింహమూర్తి చేత రేడియేటర్ కడిగించాడు, నీళ్ల పంపు మార్పించాడు, పోర్టు తుక్కులో ఏరిన ఆరు రెక్కల ఫ్యాను బిగింపించాడు. కొత్త ఫ్యాను భేషుగ్గా అరిచింది. నిలబెట్టి అరగంట ఇంజను తిప్పితే జీపు మాత్రం ఎప్పటిలాగే పొంగింది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది.

చివరికి పాత టౌనులో అబ్దుల్ హమీద్ దగ్గరికి పోయాడు. హమీద్ మెకానిక్ కాదు, రేకుపని చేసే మనిషి. చేపల పెట్టెలకి లోపల రేకు వేసేదీ, చిల్లు పడ్డ బకెట్లకి మాటు వేసేదీ ఆయనే. పెట్టెలకి ఇంకో పొర రేకు కొట్టించి, ఐసుని మరో గంట నిలబెట్టుకుందామని ఎల్లారావు ఆశ. హమీద్ సంగతంతా విని, పెట్టెల జోలికి పోకుండా బానెట్ ఎత్తమన్నాడు. ఇంజను తిప్పించి, ఓ ఊదొత్తి వెలిగించి ఫ్యాను అంచు దగ్గర పట్టుకున్నాడు. ఎల్లారావు చెప్పులు విడిచి, చేతులు జోడించి, భక్తిగా కళ్లు మూసుకున్నాడు.

"దండాలు తరవాతెట్టుకుందువు గానీ, ముందు ఆ పొగని సూడు," అన్నాడు హమీద్.

ఫ్యాను వెనక్కి తోసిన గాలే రెక్కల పక్కనుంచి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఫ్యానులోకే దూరుతోంది. రేడియేటర్‌లోంచి వచ్చేది కొసరంతే. పొయ్యి ఊదడానికి ఊదురుగొట్టం ఎందుకని హమీద్ అడిగాడు. ఉత్త నోటితో ఊదితే గాలి నాలుగు దిక్కులా పోతుందని తనే చెప్పాడు. సాపు రోడ్డు మీద జీపు పరుగుకి గాలి దానంతటదే వచ్చి తగులుతుంది. కొండ మీద జీపు పాకుతుంది గనక గాలి లాగే భారమంతా ఫ్యానుదే, దానికీ ఓ గొట్టం ఉండాలి. ఆ మాటంటూనే రెండు నూనె డబ్బాలు కోసి, సాపు చేసి, ఫ్యాను చుట్టూ వేలు పట్టేంత ఖాళీతో గుండ్రటి తొడుగు కట్టి రేడియేటర్‌కి బిగించాడు. సందుల్లో పాత సైకిలు ట్యూబు ముక్కలు కుక్కాడు.

తర్వాత ఊదొత్తిని జీపు మూతి ముందు పెట్టాడు. సగం పొగ లోపలికి పోయింది, సగం అక్కడ కట్టి ఉన్న వల మీదే తచ్చాడింది.

జీపుకి వలేమిటంటారా? కొత్త పడవని నీళ్లలో దింపేటప్పుడు పాత వల ముక్కొకటి దాని మూతికి కట్టడం వాళ్లింటి ఆనవాయితీ. పాత పడవ కలిసొచ్చినట్టే కొత్తదీ కలిసి రావాలని. ఎల్లారావుకి పడవంటూ లేదు గనక, చనిపోయిన తండ్రి సూరన్న వలని నాలుగు మడతలేసి జీపుకి కట్టాడు. దాని మీద రోడ్డు దుమ్మూ, పొలుసులూ, వారం వారం వేసే బంతిపూల దండలూ పేరుకుని అదో గోడైంది.

"రేకైతే నాను కోత్తాను. మీ అయ్య వలని మాత్రం నువ్వే ఇప్పుకోవాల," అన్నాడు హమీద్.

కావాలంటే తలుపులు పీకేయమన్నాడు గానీ వల ముట్టుకోనివ్వలేదు ఎల్లారావు. పడవలో అతను కక్కుకునేటప్పుడు అందరూ నవ్వుతుంటే, నవ్వకుండా అతని తల పట్టుకున్నది ఆ తండ్రొక్కడే మరి.

సంత రోజు సాక్ష్యానికని అర్జునరావు కూడా జీపెక్కాడు, జేబులో నిమ్మకాయతో. అతను అంతవరకూ కొండెక్కి ఎరగడు. మూడో మలుపు దాటింది. నాలుగూ దాటింది. ఎల్లారావు ఈల వేశాడు. ఆరో మలుపులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకింది, ఈల ఆగిపోయింది. జీపుని పక్కకి ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇంకొక్క మలుపెక్కితే పొంగుతుంది. పొంగితే రేపు పడవే.

గంగాలమ్మ దిగి ముందుకొచ్చింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె వల మీద చెయ్యి వేసి నెమ్మదిగా అంది, "మావ ఈ వలేసి సేపల్ని పట్టీవోడు. నువ్వు గాలిని పట్టేత్తన్నావు."

ఎల్లారావు కిందికి దిగాడు. ఒక్కో ముడీ తనే విప్పాడు. విప్పుతుంటే కళ్లంట నీళ్లొచ్చాయి, దుమ్మనుకోమన్నట్టు తుడుచుకున్నాడు. వలని దులిపి, మలుపు మలుపుకీ ఎగిరెగిరి పడుతున్న పెట్టెల మీద పరిచి బిగించి కట్టాడు. చాన్నాళ్లకి సూరన్న వల మళ్లీ చేపల మీద పడింది.

ముల్లు దిగేదాకా ఆగి బయల్దేరారు. జీపు ఏడో మలుపెక్కింది, ఎనిమిదీ, తొమ్మిదీ ఎక్కింది. ముల్లు కదిలితే ఒట్టు. ఎల్లారావు మళ్లీ ఈల అందుకుని, ఇప్పుడేమంటావన్నట్టు బావమరిది వంక చూశాడు. అర్జునరావు రెండు చేతులా సీటు కమ్మీ పట్టుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది, చెమటలు పడుతున్నాయి.

"బావా... ఆపు," అన్నాడు.

తుఫానులో తెడ్డు వదలని మొనగాడు రోడ్డు పక్కన కూలబడి భళ్లున వాంతి చేసుకున్నాడు. తనదాకా వస్తే గాని తెలీదంటారు పెద్దలు. గంగాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది. జేబులోంచి జారిన నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి ఎల్లారావు కాళ్ల దగ్గర ఆగింది.

ఎన్నేళ్లుగానో కోరుకున్న క్షణం. తీరా వచ్చాక ఎల్లారావుకి నవ్వు రాలేదు, జాలేసింది. కడుపులో ఆ తిప్పడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. నిమ్మకాయ తీసి జేబులో వేసుకుని, వంగి, తన తండ్రి పట్టుకున్నట్టే బావమరిది తల రెండు చేతులా పట్టుకున్నాడు.

కాసేపటికి అర్జునరావు మూతి తుడుచుకుని, కొండ కేసి చూసి, లోయ కేసి చూసి, నీరసంగా అన్నాడు, "ఆ తెడ్డు ఇంకెవుడికైనా ఇచ్చేత్తాన్లే బావా. దిగీటప్పుడు కూడా ఇన్నే మలుపులుంటాయేటి?"

"ఇన్నే," అన్నాడు ఎల్లారావు, అప్పుడు నిమ్మకాయ తీసి చేతిలో పెట్టాడు.