రెండో ముద్రణలో మోషే

"మల్ల సదువు బిడ్డా," అంది ఆనందమ్మ.

మనవరాలు మహిమ అదే వాక్యం మళ్లీ చదివింది. "మోషే అజాగ్రత్తగా క్రేన్ కిందికి వెళ్లి మరణించాడు. గంతే ఉన్నది బాపమ్మా."

హాలు వాకిట్లో పుస్తకాల బల్ల ముందే ఆనందమ్మ కాళ్లు ఆగిపోయాయి. హాస్టల్లో వంటపని ఒకరోజు మానుకుని, నాలుగు వందల కూలి పోగొట్టుకుని వచ్చింది. ఆమె చేత్తోనే ఆవిష్కరణ జరగాలని క్వారీ కూలీల సంఘం వాళ్లు ఇంటికొచ్చి మరీ అడిగారు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో పోయిన కూలీల గురించి పదేళ్ల కింద సంఘం వేసిన పుస్తకం అది; ఇవాళ దాని రెండో ముద్రణ. ఆనందమ్మకు చదువు రాదు. అయినా మొదటి ముద్రణలో మొగుడు మోషే పేజీ మొత్తం నోటికొచ్చు. ప్రతి క్రిస్మస్‌కూ ఎవరో ఒకరిచేత చదివించుకుంటుంది. రాళ్లు లేపే క్రేన్ గొలుసు అరిగిందని మోషే మూడు రోజుల ముందే చెప్పాడనీ, క్వారీ ఓనర్ మార్చలేదనీ అందులో ఉంది. ఇప్పుడా మాటలు తీసేసి తప్పంతా మోషే నెత్తిన రుద్దారు. ఎంత సులువో! పోయినవాడు లేచొచ్చి కాదనడు గదా.

సంఘం కార్యదర్శి బుచ్చిరాములు ఆమె మొహం చూసి పక్కకు పిలిచాడు.

"వదినే, జర నా మాటిను. అచ్చుకు సంఘం కాడ పైసల్లేవు. ఓనరే ఇచ్చిండు. గా ఒక్క పేజీ మార్చుమన్నడు. మిగిలినోళ్ల కతలు ఉన్నయి ఉన్నట్టే ఉన్నయి."

"నీకు గొలుసు కట్టుడు నేర్పింది ఎవలు బుచ్చిరాములూ?"

అతను తల వంచుకున్నాడు. "సాల్మన్ గూడ ఆయన క్వారీలనే పన్జేస్తుండు. జర సోంచాయించు."

కొడుకు పేరు వినగానే ఆనందమ్మ చూపు హాల్లో వాడి కోసం వెతికింది.

వేదిక మీద ఆమెకు ఓనర్ పక్కనే కుర్చీ వేశారు. రిబ్బను కట్టిన పుస్తకాల కట్ట, పళ్లెంలో కత్తెర తెచ్చి ముందు పెట్టారు. ఫోటోలు తీసేవాళ్లు మీదికొచ్చారు.

"కట్ చెయ్యమ్మా," అన్నాడు ఓనర్ నవ్వుతూ, మైకు ఆమె ముందుకు జరిపి.

ఆనందమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"నేను కొయ్య. గీ పుస్తకంల ఉన్నోడు నా మొగడు గాదు."

ఓనర్ నవ్వు చెరిగిపోనివ్వకుండానే తల తిప్పి, వెనక వరసలో నిలబడ్డ సాల్మన్ వంక చూశాడు. ఆనందమ్మ కూడా అటే చూసింది.

కొడుకు కోయమనలేదు, వద్దనలేదు. తల్లి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.