అమ్మమ్మ చెప్పే ముందు సగం

అమ్మమ్మ ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే చర్చికి వెళ్లి, పాటల బృందంలో అందరి గొంతులూ మింగేసేలా పాడి, ఇంటికొచ్చి గులాబీలకు అంట్లు కట్టి, మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చుని వీధిలో పిల్లలకు గౌన్లు కుట్టేది. సాయంత్రం క్యారమ్స్. అందులో ఆవిడ చేసే మోసాలకు అంతులేదు. "పాపం కాదా అమ్మమ్మా?" అని మనవరాలు నిలదీస్తే, "శనివారం ఫాదర్ దగ్గర ఒప్పేసుకుంటాగా, నువ్వు ఆడు" అనేది.

బోర్డు ఎత్తగానే జపమాల. అది పూర్తిగా ఆవిడ రాజ్యం. ప్రతి ప్రార్థనలో ముందు సగం ఒకరు చెప్పాలి, తక్కినవాళ్లు వెనక సగం అందుకోవాలి. ఆ ముందు సగాన్ని అమ్మమ్మ ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. ఇంటి పెత్తనమూ అందులోనే. మరియమ్మకు వందనం చెబుతూనే "పొయ్యి కట్టేశారా?" అని అడిగేది. రోజూ ఆఖర్న వచ్చి కూర్చునే మనవరాలికి నత్త అని పేరు పెట్టిందీ ఆవిడే.

చివరి రోజుల్లో ఆ నత్తనే తన ఆసుపత్రి మంచం దగ్గరకు పిలిచింది.

"ఇంట్లో జపమాల ఆగకూడదే. ఇకనుంచి నువ్వు చెప్పించు."

"నావల్ల కాదమ్మమ్మా. మామయ్యకి చెప్పు."

"వాడా? పది పూసలు తిరక్కుండానే గుర్రు పెడతాడు. మాటివ్వు."

నత్త చేతిలో చెయ్యి వేసింది.

అమ్మమ్మను సమాధి చేసి వచ్చిన సాయంత్రం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. ఎవరూ జపమాల తియ్యలేదు. తాతయ్య గోడవైపు చూస్తున్నాడు. ఇవాళ ఆగిందంటే ఇక రేపు ఎవరూ కూర్చోరని నత్తకు తెలుసు. తనే తీసి, పూస పట్టుకుని కళ్లు మూసుకుంది. అలవాటు కొద్దీ వెనక సగం చెప్పేసింది.

"అది మాదే" అన్నాడు మామయ్య మెల్లగా.

మళ్లీ మొదలుపెట్టింది. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు..." అక్కడ నాలుక మొరాయించింది. ఊహ తెలిసినప్పటినుంచి వింటున్న మాటలే. కానీ సరిగ్గా అక్కడే అమ్మమ్మ ఎప్పుడూ ఎవరో ఒకరిని కసిరేది. ఆ కసురు లేకుండా తర్వాతి మాట నత్త ఏనాడూ విని ఎరగదు. బిక్కమొహం వేసి చుట్టూ చూసింది. మామయ్య కాలు ఊపుతూ కనబడ్డాడు.

"మామయ్యా, కాలు ఊపకు!"

మామయ్య ఉలిక్కిపడి కాలు మడిచాడు. మిగిలిన మాటలు గడగడా వచ్చేశాయి. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

అప్పుడు అందరూ వెనక సగం అందుకున్నారు. ఇన్నాళ్లూ నత్త ఆ గొంతుల్లో కలిసిపోయి తన గొంతే వినేది. ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడుతోంది. జీరబోయిన అమ్మ, నిద్రమత్తు మామయ్య, ఎప్పుడవుతుందా అని పరుగెత్తే చిన్నవాళ్లు, అందరికీ వెనక నిదానంగా తాతయ్య. ఎవరికి జలుబు చేసిందో, ఎవరు దేనికి దిగులు పడుతున్నారో గొంతులోనే తెలిసిపోతోంది.

పెత్తనం కోసం కాదన్నమాట, ఇందుకటే ముసలీ, అనుకుంది. దుఃఖం ముంచుకొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చోవడానికి వీల్లేదు. అందరూ తర్వాతి పూస కోసం ఆమె నోటివంక చూస్తున్నారు.