కాయ కోసిన తోపు

"కమలా, నీ ఫోనుకు నంబరు వచ్చింటుంది, చదువు" అని వసారాలోనుంచి కేకేశాడు మా ఆయన.

నేను చింతపండు కొడుతున్నాను. పెంకు తీసి, ఈనె లాగి, గింజ రాలగొట్టే పని. రెండు చేతులూ జిగురు. కొంగుకు ఒక వేలు తుడుచుకుని ఫోను తిప్పి, వచ్చిన అంకెలు బిగ్గరగా చదివాను. గ్యాసు సిలిండరుకేమో అనుకున్నాను. పెళ్ళయిన దగ్గరనుంచీ ఆయన అడిగినవి అందించడమే నా పని. ఉప్పు, తువాలు, కళ్ళద్దాలు, ఇప్పుడు అంకెలు. ఎందుకని అడిగితే "ప్రశ్న వేయకుండా ఒక పని చేయలేవా?" అంటాడు. అందుకే అడగలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది. మా ఆయన పద్మనాభన్‌కు ధర్మపురి బజారులో కిరాణా అంగడి ఉంది. మామిడి కాపు వేళకు కారిమంగళం వైపు తోపులు గుత్తకు పట్టడం కూడా ఆయన వ్యాపారమే. ఆ రోజు మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

"ఒక కంపెనీ లాభం పంచతా ఉంది. ఈ పొద్దు ఎవుని చేతిలో దాని షేరుంటే వానికే డివిడెండు. షేరుకు ముప్పై రూపాయలు! వారంగా జనం ఎగబడి కొంటా ఉండారు, ధర ఎక్కతానే ఉంది. మనమూ కొనేసినాము. రేపు అమ్మేస్తే మన దుడ్డు మనకు, డివిడెండు మిగులు. తోపు పట్టినట్లే. కోతకు ముందుదినం పట్టి, కాయ దింపుకొని, మరుసటిదినం చెట్లు ఇచ్చేసేది. అంతే!"

"దుడ్డెక్కడిది?" అన్నాను.

"నీ ఖాతాలో ఊరికే పడి ఉండింది గదా" అంటూ రసం పొయ్యమని కంచం చూపించాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నిజంగానే ఆగిపోయింది, రసం ఆయన కంచంలో పడలేదు, గిన్నెలోనూ పడలేదు. ఊరికే పడి ఉండడమా! వేసవి తరువాత వేసవి ఇంటిపనంతా ముగించుకుని, వేళ్ళు పగిలేలా చింతపండు కొట్టి అమ్మిన డబ్బు అది. కారిమంగళం సంతవీధిలో పూంగొడి అక్క తన గది నాకు అద్దెకు ఇస్తానంది. శుక్రవారంలోగా అడ్వాన్సు ఇస్తే నా తక్కెడ, నా చింతపండు, బయట నా పేరుతో బోర్డు. ఆయనకు చెప్పాను కూడా. "చూద్దాము లే" అన్నాడు. ఆయన "చూద్దాము" అంటే అప్పుడే మర్చిపోయాడని అర్థం.

"నా దుడ్డుతో షేర్లెట్ల కొన్నారు?"

"పోయినేడు షేర్ల ఖాతా తెరిచినాను గదా. అంగడి లెక్కలో కనపడకూడదని నీ పేరున. కండ్లు ఆర్పమంటే ఆర్పితివే, మర్చిపోతివా?"

గుర్తొచ్చింది. నేను దోసె తిప్పుతుంటే ఫోను మొహం ముందు పెట్టి, "ఇట్ల చూడు, కండ్లు ఆర్పు" అన్నాడు. ఇన్నేళ్ళకు నా ఫోటో తీసుకుంటున్నాడని సిగ్గుపడ్డాను. కొంగు సర్దుకుని నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

మరునాడు పొద్దున మార్కెట్టు తెరవగానే ఆయన ఫోను చేతిలో పెట్టుకుని "అయ్యయ్యో!" అన్నాడు. షేరు ధర దాదాపు ముప్పై రూపాయలు పడిపోయింది. "మోసం! రాత్రికి రాత్రి ఎవుడో మోసం చేసినాడు!"

"పొద్దున్నే ఎవురి మొహం చూసినావురా?" అని మా అత్త సౌభాగ్యం నా వైపు చూసింది.

మా కూతురు హేమప్రియ బీకాం చదువుతోంది. జడ వేసుకుంటూనే తండ్రికి చెప్పింది. "ఎవురూ మోసం చేయలేదప్పా. కాయలతో ఉండే తోపుకు ఇచ్చే రేటు, కాయ కోసిన తోపుకు నువ్వు ఇస్తావా? కంపెనీ డివిడెండు ఎత్తి ఇస్తే కంపెనీలో అంత తక్కువ అవుతుంది. ఈ పొద్దు కొనేవానికి ఆ డివిడెండు రాదు, అందుకే అంత తక్కువకే కొంటాడు. ఒక రూపాయి అటూ ఇటూ, అంతే. అది మిగులు కాదప్పా, మన దాంట్లోదే మనకు ఇచ్చేది. అదీ ఇంకో నెలకు, పన్ను పోను."

ఆయన నమ్మలేక మళ్ళీ ఫోనులో ధర చూసుకున్నాడు. నా సంగతి అంతకన్నా ఘోరం. మన దాంట్లోదే మనకు ఇచ్చేది! దీపావళికి చీర తెచ్చి "నీకోసం" అంటాడు, ఆ నెల నా చింతపండు డబ్బు అంగడి గల్లాలో చేరి ఉంటుంది. "నా కొడుకు నీకేం తక్కువ చేసినాడే?" అంటుంది అత్త, ఆమె కాళ్ళకు నేను నూనె రాస్తుండగానే. నాకు జ్వరం వచ్చిన రోజు ఆయన హోటలు ఇడ్లీ తెస్తే వీధంతా మెచ్చుకుంది, నేనూ మురిసిపోయాను. ఇచ్చిన ప్రతిసారీ నాలోనుంచి అంత తగ్గింది, నేను ఒక్కసారీ చూసుకోలేదు. ఇన్నేళ్ళు! ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

అప్పటికే ఆయన తేరుకున్నాడు. "పోనీ. వచ్చే వారం ఇంకో కంపెనీ ఇస్తుంది. సాయంత్రం వచ్చి దీన్ని అమ్మి దాన్ని పడతాను, పోయింది దాంట్లో రాబడతాను. ఈ డివిడెండు వస్తే నీకు పట్టుచీర తీసిస్తాను, సరేనా?" అని చెప్పులు వేసుకుని అంగడికి వెళ్ళిపోయాడు.

నా డబ్బుతో నాకు చీర తీసిస్తాడట.

పెరట్లోకి వెళ్ళి చేతులు కడిగాను. గోళ్ళ సందుల్లోని జిగురు కూడా పోయేదాకా రుద్ది కడిగాను. "హేమా, ఆ షేర్ల ఖాతా నా ఫోనులో తెరువు" అన్నాను. అది నా మొహం చూసి ఏమీ అడగకుండా తెరిచింది. అమ్మమని నొక్కాను. నంబరు వచ్చింది. ఈసారి ఎవరికీ చదవలేదు, నేనే కొట్టాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. శుక్రవారానికి డబ్బు బ్యాంకులోకి వస్తుందని హేమ చెప్పింది. పూంగొడి అక్కకు ఫోను చేశాను. అడ్వాన్సులో తగ్గినది డివిడెండు వచ్చాక ఇస్తానంటే, "గది నీదే, తాళం తీసుకుపో" అంది.

ఫోను పెట్టీపెట్టకముందే అంగడినుంచి ఆయన. గొంతులో గాబరా. "కమలా, షేర్లు అమ్ముడుపోయినట్లు చూపిస్తా ఉంది! ఎవురు అమ్మినారు?"

"నేనే."

"నువ్వా? నువ్వెందుకు అమ్మితివే?"

"నా ఖాతాలో ఊరికే పడి ఉండింది గదా" అన్నాను.