ఏడో ప్రశ్న

పదకొండో మనిషికి మాత్రల పొట్లం ఇచ్చి, కోడి ఈకను చొక్కా జేబులో పెట్టుకుని దేవానందం సైకిలెక్కాడు. కళ్ళు మూసుకున్న మనిషి ఒంటి మీది మచ్చను ఈకతో తాకితే, ఎక్కడ తగిలిందో వేలితో చూపించాలి. చూపించలేకపోతే కుష్టు. పందొమ్మిదేళ్ళుగా ఆయన పని ఇదే. బక్కపలచని మనిషి. మెడ ఎండకి కమిలిపోయింది, చెమటకి కాలరు రంగు వెలిసింది. తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు ఎవరికీ తెలీదు. మచ్చల సారు అంటారు.

ఆయన పనిచేసే మిషను ఆసుపత్రికి సాయం చేసే విదేశీ సంఘం ఇదివరకు ఎన్ని మాత్రలు పంచారనే అడిగేది. నిరుడు, డెబ్భై మూడులో, కొత్త ఫారం పంపింది. మా సాయం వల్ల మనుషుల బతుకుల్లో ఏం మారిందో చెప్పమని పది ప్రశ్నలు. ఏడోది: జబ్బు నయమైన మనిషి ఇంట్లోవాళ్ళతో కలిసి తింటున్నారా?

నలభై ఇద్దరికి ‘అవును’ అని గంపలగూడెం టీకొట్టు బల్ల మీద కూర్చునే రాసేశాడు దేవానందం. అది అడగడానికి ఒకరి ఇంటి గడప కూడా తొక్కలేదు. సంఘం మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. పెద్ద డాక్టరుగారు దాన్ని పొద్దుటి ప్రార్థనలో చదివి వినిపిస్తే అంతా చప్పట్లు కొట్టారు. దేవానందం తల వంచుకుని నిలబడ్డాడు. వినయం అనుకున్నారు.

ఈ ఏడు ఫారం మీద వేలిముద్ర కూడా ఉండాలన్నారు. అందుకే ఆదిశేషయ్య ఇంటికి వెళ్ళక తప్పలేదు.

ఆదిశేషయ్య తల్లి నాగేంద్రమ్మకి జబ్బు నయమై నాలుగేళ్ళయింది. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న కోడలు ఆయన్ని చూసి పైట సర్దుకుంది.

“అత్తయ్య దొడ్లో ఉందండి,” అంది.

దొడ్డి చివర గొడ్లచావిడిని ఆనుకుని తాటాకు పంచ. కుక్కిమంచం, కుండ, ఒక సత్తు పళ్ళెం. నాగేంద్రమ్మ వంకరపోయిన వేళ్ళతో గోగునార పేనుతోంది. ఆయన్ని చూసి లేవబోయింది. వద్దని వారించి, ఫారం తీసి, ఒక్కో ప్రశ్నా చదివాడు. ఏడోది చదివేటప్పుడు గొంతు తగ్గింది.

నాగేంద్రమ్మ నార పక్కన పెట్టింది. “తింటున్నామనే రాయండి సారూ. లేదని రాస్తే మా అబ్బాయికి చెడ్డపేరు. మీక్కూడా మాటొస్తుందేమో.”

రాశాడు. ఆమె బొటనవేలు చాపలేకపోతే, మణికట్టు పట్టుకుని తానే అద్దించాడు.

“ఎండనబడి వచ్చారు. మజ్జిగుంది, తాగండి,” అంటూ ముంత ముందుకు జరిపింది. “కోడలు పోసిందే. నేను ఇంకా ముట్టుకోలేదు.”

“పొద్దుట్నుంచి కడుపులో బాగోలేదమ్మా. ఈసారి వచ్చినప్పుడు తాగుతాను.”

తడుముకోకుండా వచ్చింది ఆ మాట. పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఇంట్లో అదే చెబుతున్నాడు. ఇది అంటుకోదు, నయమైనవాళ్ళతో కలిసి తినండని వీధి వీధినా చెప్పిందీ ఆయనే.

“అలాగేలెండి నాయనా,” అంది నాగేంద్రమ్మ. ముంతని మెల్లగా వెనక్కి జరుపుకుంది. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకీ తెలిసింది.

ఊరు దాటాక సైకిలు దిగి నిలబడ్డాడు. చిన్నప్పుడు కోతలకి వెళ్ళినప్పుడు తండ్రి లాజరు ఇలాంటి ఇంటి దొడ్లోనే దోసిలి పట్టేవాడు. ఆ ఇంటి ఇల్లాలు చెంబు తగలకుండా పైనుంచి నీళ్ళు పోసేది. మంచి మనిషి, ఇంకొంచెం పోయనా అని అడిగేది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. పక్కనే తానూ దోసిలి పట్టాడు. ఆ దాహం ఎలాంటిదో తనకి ఒకరు చెప్పక్కర్లేదు.

వెనక్కి వెళ్దామనుకున్నాడు. ఇంకా రెండు ఊళ్ళున్నాయి, ఎండ ముదురుతోంది అనుకున్నాడు. వెళ్ళలేదు. గంపలగూడెం టీకొట్టులో రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాడు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఏడో ప్రశ్న దగ్గర ‘అవును’ కొట్టేయబోయి, ఆదిశేషయ్య గుర్తొచ్చాడని తనకి తాను చెప్పుకుని కలం మూశాడు. నిజానికి గుర్తొచ్చినవి చప్పట్లు.

నెల తిరిగాక మళ్ళీ వెళ్ళాడు. దారంతా ఒకటే అనుకున్నాడు: ముంత ఎత్తి తాగాలి, కోడలు చూస్తుండగా తాగాలి. ఫారాలు అప్పటికే సముద్రం దాటిపోయాయి.

ఆదిశేషయ్య వాకిట్లోనే ఎదురొచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు.

“పది రోజులైందండి. జ్వరమొచ్చింది, మూడ్రోజులే,” అన్నాడు. “మీకోసం అమ్మ ఒకటి కొనిపించింది. వేరే ఎవరూ వాడనిదైతే సారు మొహమాటపడకుండా తాగుతారు అంది. మేం తియ్యలేదు. అక్కడే ఉంది,” అని దొడ్డి వైపు చూపించాడు.

మంచం ఎత్తేశారు, కుండ పగలగొట్టేశారు. పంచ గుంజకి కట్టిన చెక్క మీద ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది, కొట్టువాడు అంటించిన కాయితం ముక్క ఇంకా ఊడలేదు.